గొల్లభామ పెట్టె: నాలుగు నెలలు వాడిన తరువాత నా మాట

నేను ఆరేళ్ళుగా టాంగ్‌లాంగ్ చువాన్ నేర్చుకుంటున్నాను. చైనా భాషలో టాంగ్‌లాంగ్ అంటే గొల్లభామ పురుగు, చువాన్ అంటే పిడికిలి. గొల్లభామ పేరుతో నడిచే యుద్ధకళను ఇన్నేళ్ళు సాధన చేసి, గొల్లభామ వేటాడటాన్ని ఒక్కసారైనా నిదానంగా చూడలేదన్న సంగతి ఒకరోజు మనసులో ముల్లులా గుచ్చుకుంది. ఆకుల మధ్య కనబడినప్పుడు ముచ్చటపడి ఆగేదాన్ని. అంతే. అది ఎప్పుడు చెయ్యి చాపుతుందో, ఎందుకు చాపకుండా ఊరుకుంటుందో నాకు తెలియదు. అందుకే ఈ పెట్టె తెప్పించుకున్నాను.

అట్టమీద "గొల్లభామను చూసి పోరాటం నేర్చుకోండి" అని ఉంది. లోపల మడత విప్పితే నిలబడే వల గూడు, ఫోనుకు తగిలించుకునే దగ్గరచూపు లెన్సు, నీళ్ళు చిలకరించే సీసా, పొడవాటి పట్టకారు, 32 పుటల చిన్న పుస్తకం ఉన్నాయి. పురుగును వాళ్ళు ఇవ్వరు, మనమే వెతుక్కోవాలి. అది మంచి పద్ధతి. ఒకచోటి పురుగును ఇంకోచోటికి పంపి, అక్కడి తోటల్లో వదిలే పరిస్థితి తెచ్చుకోకూడదు. నా అభిప్రాయం ముందే చెబుతాను: గూడు కొనదగినది, లెన్సు ఒక పనికి చాలా బాగుంది, మరో పనికి అసలు పనికిరాదు, పుస్తకంలో ఒక పుటను తయారీదారులు వెంటనే తీసేయాలి.

గూడు అడుగు 30 సెంటీమీటర్ల చదరం, ఎత్తు 45 సెంటీమీటర్లు. మూడు వైపులా, పైనా వల. ముందువైపు పారదర్శకమైన ప్లాస్టిక్ కిటికీ. గాజు పెట్టె కన్నా ఇది ఎంత మేలో పురుగు కుబుసం విడిచిన రాత్రి తెలిసింది. గొల్లభామ కుబుసం విడవాలంటే తలకిందులుగా వేలాడాలి. పాత చర్మంలోంచి మెల్లగా కిందికి జారి, కొత్త కాళ్ళు గట్టిపడేదాకా ఓపిక పట్టాలి. పైకప్పు నునుపుగా ఉంటే పట్టు తప్పి పడిపోతుంది. పడితే కాళ్ళు వంకరపోతాయి, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. గూడు ఎత్తు పురుగు పొడవుకు కనీసం మూడింతలు ఉండాలని పెంపకందారులు చెప్పేది ఇందుకే. నేను తెచ్చినప్పుడు మాది 3 సెంటీమీటర్ల పిల్ల. నా దగ్గర మూడుసార్లు కుబుసం విడిచి, రెక్కలు తొడుక్కుని 8 సెంటీమీటర్లకు దగ్గరగా ఎదిగింది. పొట్ట కింద కట్లు లెక్కపెట్టి ఆడదని తెలుసుకున్నాను. ఆడదానికి ఆరు కనబడతాయి, మగదానికి ఎనిమిది. మూడుసార్లూ ఆ పైకప్పు వల దాన్ని పదిలంగా మోసింది. గూడుకు నేను ఇచ్చే మంచి మార్కులన్నీ ఆ మూడు రాత్రులవే.

లోపాలూ ఉన్నాయి. జిప్పు రెండు వైపులా కలిసే మూలలో చిటికెన వేలు దూరేంత సందు ఉంది. మొదటి వారంలో ఆహారంగా వదిలిన ఈగలు సగం అక్కడి నుంచే బయటపడ్డాయి. ఇలకోళ్ళను వదిలితే అవి వలనే కొరికి రంధ్రం చేశాయి. ఆ తరువాత ఈగలతోనే సరిపెట్టాను. ఇక ఆ ప్లాస్టిక్ కిటికీ కంటికి బాగానే కనబడుతుంది గానీ కెమెరాకు కాదు. దానిలోని సన్నని అలలు వీడియోలో పురుగు కాళ్ళను వంచి చూపిస్తాయి. నీళ్ళు చిలకరించిన ప్రతిసారీ ఆవిరి పడుతుంది. చివరికి జిప్పు సగం తెరిచి, ఆ తెరుపులోంచి తీయడం అలవాటు చేసుకున్నాను.

వీడియో తీయబోయేవారికి నేను కష్టపడి తెలుసుకున్న రెండు సంగతులు చెప్పాలి. నా ఫోను సెకనుకు 240 ఫ్రేములు తీస్తుంది, అంటే ఒక్కో ఫ్రేముకు నాలుగు మిల్లీసెకన్ల పైచిలుకు. అంత వేగంలో తీయాలంటే వెలుతురు బాగా కావాలి. ఇంటి విద్యుద్దీపాల కింద తీస్తే బొమ్మ అంతా మినుకుమినుకుమంటుంది, ఎందుకంటే ఆ దీపాల్లో చాలావాటి వెలుగు కరెంటుతోపాటు పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. కిటికీ పక్కన పగటి వెలుగే మేలు. అయితే నేరుగా ఎండ తగిలేచోట గూడు పెట్టకూడదు, లోపల వేడెక్కిపోతుంది.

రెండో వారంలో, ఒక ఉదయం, మొదటి దెబ్బ కెమెరాలో పడింది. ఫ్రేము తరువాత ఫ్రేము జరుపుతూ లెక్కపెట్టాను. ముందుకాలు కదలడం మొదలైనప్పటి నుంచి ఈగ ఆ కాలి ముళ్ళ మధ్య చిక్కేవరకు 14 ఫ్రేములు. 60 మిల్లీసెకన్లకన్నా తక్కువ. మనం రెప్ప వేసి తెరిచేలోగా పని అయిపోతుంది. పొడవాటి కాలి మొదటి భాగం ముందుకు లేస్తుంది, మడత తెరుచుకుంటుంది, చివరి భాగం విప్పుకుని ఈగ అవతలికి వెళ్ళి, అడకత్తెర మూసుకున్నట్టు ముళ్ళ తొడమీదికి మూసుకుంటుంది. ఇది చూడాలనే నేను పెట్టె కొన్నాను. చూశాను, సంతోషించాను.

అయితే అదే వీడియోకు ముందు నేను తీసి పక్కన పడేసిన పదకొండు నిమిషాలు ఉన్నాయి. వాటిని ఆ రాత్రి ఊరికే పెట్టుకుని చూశాను. ఆరేళ్ళ సాధనలో నాకు అంతుపట్టనిది అక్కడ దొరికింది.

ఈగ వలమీద వాలి ఉంది. గొల్లభామ తల తిప్పింది. ఒళ్ళు కదలకుండా తల మాత్రమే భుజం మీదుగా తిప్పి చూడగల పురుగు అది. తరువాత ఒళ్ళంతా కుడికీ ఎడమకూ మెల్లగా ఊపింది. గాలికి ఆకు కదిలినట్టు ఉండటం ఆ ఊపుకు ఒక ప్రయోజనం కావచ్చు. ఇంకో ప్రయోజనం ఉంది. మనం పక్కకు జరిగితే దగ్గరివి ఎక్కువగా, దూరపువి తక్కువగా కదిలినట్టు కనబడతాయి. ఆ తేడాతో గొల్లభామ దూరాన్ని కొలుచుకుంటుంది. దానికి రెండు కళ్ళతో లోతు పసిగట్టే శక్తి కూడా ఉంది. న్యూకాజిల్ విశ్వవిద్యాలయంలో గొల్లభామలకు తేనెమైనంతో బుల్లి రంగుటద్దాలు అతికించి, తెరమీద బొమ్మలు చూపించి 2016లో దీన్ని మరోసారి రుజువు చేశారు. అక్కడే 2018లో ఇంకొకటి తేలింది: మనలా నిశ్చలమైన బొమ్మలను పోల్చకుండా, బొమ్మలో ఎక్కడ మార్పు జరుగుతోందో దాన్నే అది పోల్చుకుంటుంది. నా వీడియోలో అదే కళ్ళకు కట్టింది. ఈగ కదలకుండా ఉన్నంతసేపూ గొల్లభామా కదలలేదు. ఈగ ఒక్క అడుగు వేసింది, గొల్లభామ ముందుకాళ్ళు ఒక వెంట్రుక మందం పైకి లేచాయి. ఈగ ఆగింది, అవీ ఆగాయి. ఇలా ఎన్నిసార్లో. పదకొండు నిమిషాల తరువాత దెబ్బ.

ఆ దెబ్బలో కాళ్ళ సంగతి ఇంకా విచిత్రం. వెనుక నాలుగు కాళ్ళ కొనలు వలను పట్టుకుని ఉన్నచోటే ఉన్నాయి. ఒక్కటీ అడుగు వేయలేదు. మోకాళ్ళు మాత్రం ఒక్కసారిగా చాచుకుని, ఒళ్ళంతటినీ ఈగ మీదికి తోశాయి. చేతులు ఆ తోపు మీద స్వారీ చేశాయి.

ఈ వీడియో మా గురువుగారికి చూపించాను. ఆయన డెబ్భై దాటిన మనిషి, ఫోను దూరంగా పట్టుకుని చూశారు. మొదటిసారి ఏమీ అనలేదు. "మళ్ళీ వెయ్యి అమ్మా" అన్నారు. నాలుగుసార్లు వేయించుకున్నారు. "నువ్వు చేతులు చూస్తున్నావు. కాళ్ళు చూడు" అన్నారు. మరునాడు సాధనలో నా సప్తనక్షత్ర నిలకడ సరిచేశారు. వెనుక కాలిమీద బరువు పెట్టి, ముందు కాలి మడమ నేలకు ఆనించి, వేళ్ళు పైకి లేపి నిలబడే భంగిమ అది. అక్కడి నుంచి నేను ఎప్పుడూ భుజంతో కొట్టేదాన్ని. వెనుక మోకాలు చాచుకుంటే దెబ్బ దానంతట అదే ముందుకు వెళుతుందని ఆయన ఆరేళ్ళుగా చెబుతున్నదే. ఆరోజు నా ఒంటికి అర్థమైంది.

ఇక వాంగ్ లాంగ్ కథ నా దృష్టిలో మారిపోయింది. షాన్‌డాంగ్ ప్రాంతంలో పుట్టిన ఉత్తర గొల్లభామ శైలికి ఆయనే మూలపురుషుడని చెప్పుకుంటారు. పోటీలో ఓడి, చెట్టు కింద కూర్చున్న వాంగ్ లాంగ్, తనకన్నా బలమైన సికాడా అనే కీచురాయిని గొల్లభామ పట్టేయడం చూశాడట. పుల్లతో ఆ గొల్లభామను కదిలిస్తూ దాని ముందుకాళ్ళ పనితనం నేర్చుకున్నాడట. చేతులు దొరికాయి గానీ అడుగులు చాలక, వాటిని కోతిని చూసి తెచ్చుకున్నాడట. ఆయన ఏ కాలంవాడో చెప్పడంలోనే ఒక్కో పరంపరది ఒక్కో మాట. ఒకరు సాంగ్ వంశకాలం అంటే, ఇంకొకరు మింగ్ చివర, చింగ్ మొదట అంటారు. కాబట్టి నేను దీన్ని కథగానే చూశాను, ఇప్పుడూ కథగానే చూస్తున్నాను. అయితే ఆ కోతి అడుగుల మాట ఎవరో ఊరికే అల్లినది కాదని ఇప్పుడు గట్టిగా అనిపిస్తోంది. గొల్లభామ దెబ్బలో నిజంగానే అడుగు లేదు. ఈ కళను కట్టినవాళ్ళు, వారెవరైనా సరే, పురుగు ముందు చాలాసేపు కూర్చుని ఆ లోటును కళ్ళారా చూసి ఉంటారు.

మూడో నెలలో తెలిసినది దీనికి మించినది. అప్పటిదాకా గొల్లభామ దెబ్బ అంటే స్ప్రింగు వదిలినట్టు, ఒకసారి వదిలితే ఒకటే వేగం అనుకున్నాను. ఒకరోజు ఈగ దొరక్క, నెమ్మదిగా పాకే గొంగళిపురుగును పట్టకారుతో అందించాను. ఆ దెబ్బకు 27 ఫ్రేములు పట్టింది, ఈగను పట్టినప్పటికి దాదాపు రెండింతలు. ఇంకో వీడియోలో ముందుకాళ్ళు సగం తెరుచుకుని, గాలిలో ఒక్క క్షణం ఆగి, అప్పుడు పడ్డాయి. పొరపాటుగా లెక్కపెట్టానేమోనని మూడుసార్లు చూశాను. తరువాత తెలిసింది, 2020లో ససెక్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇదే విషయం ప్రచురించారు: ఎర వేగాన్నిబట్టి గొల్లభామ తన దెబ్బ వేగాన్ని మార్చుకుంటుంది, మధ్యలో కాస్త ఆగి సర్దుకుంటుంది కూడా.

మా శైలిలో గౌ, లోవ్, చాయ్ అనే మూడు చేతులు వరుసగా వస్తాయి. మొదటిది ఎదుటివాడి చేతిని కొక్కెంలా అందుకుంటుంది, రెండోది ఆ చేతిని పైభాగంలో పట్టుకుంటుంది, మూడోది కోసి లాగినట్టు లాగి దెబ్బకు దారి ఇస్తుంది. నేను వాటిని ఎప్పుడూ ఒకే తాళంలో, ఎంత వేగంగా వీలైతే అంత వేగంగా చేసేదాన్ని. జోడీ సాధనలో ఎదుటి చెయ్యి కాస్త నెమ్మదిగా వస్తే నా కొక్కెం గాలిని పట్టేది. "చెయ్యి రాకముందే పట్టుకుంటున్నావు" అని గురువుగారు ఎన్నిసార్లు అన్నారో లెక్కలేదు. ఇప్పుడు మొదటి చేతికీ రెండో చేతికీ మధ్య నాకు కాస్త చోటు కనబడుతోంది. వచ్చే చెయ్యి ఎంత వేగంతో వస్తుందో చూసుకునే చోటు అది. పది సార్లలో పదిసార్లూ కుదరడం లేదు, కుదిరినప్పుడు మాత్రం చేతికే తెలుస్తోంది.

లెన్సు సంగతికి వస్తాను. వేటను తీయడానికి అది పనికిరాదు. పురుగుకు మూడు నాలుగు సెంటీమీటర్ల దూరంలో పెడితేగాని బొమ్మ స్పష్టంగా రాదు. అంత దగ్గరికి ఫోను వస్తే గొల్లభామ ఎరను మరచి మనల్నే చూస్తుంది. ఒకసారి ఒళ్ళు పైకెత్తి, ముందుకాళ్ళు రెండు పక్కలకూ విప్పి, రెక్కలు పరిచి నన్ను బెదిరించింది. అది భయపడినప్పుడు చేసే పని. అలా చేయించినందుకు బాధపడి, లెన్సు తీసేసి, ఫోనును దూరంగా నిలబెట్టి తీయడం మొదలుపెట్టాను.

కడుపు నిండి, ముందుకాళ్ళ ముళ్ళను నోటితో శుభ్రం చేసుకుంటున్న వేళలో మాత్రం ఆ లెన్సు అద్భుతం. ఒక్కో ముల్లునూ నోట్లోకి తీసుకుని, తరువాత ఆ కాలితోనే కన్ను తుడుచుకుంటుంది. రెండు మీసాల మధ్య మూడు చిన్న కళ్ళు ఉంటాయి, అవీ కనబడతాయి. మా అమ్మాయి తెరమీద చూసి, "అమ్మా, అది నన్నే చూస్తోంది!" అని అరిచింది. పెద్ద కంట్లో ఒక నల్లచుక్క మనం ఎటు జరిగితే అటే జరుగుతుంది. అది కనుపాప కాదు. వేల చిన్న కటకాలతో కూడిన కన్ను అది. వాటిలో సరిగ్గా మనవైపు తిరిగి ఉన్నవి వెలుతురును లోపలికి తీసుకుని తిరిగి పంపవు కాబట్టి ఆ చోటు నల్లగా కనబడుతుంది. పుస్తకంలో దీని గురించి ఒక్క వాక్యం లేదు. పిల్లలు ముందుగా అడిగేది ఇదే.

ఆ పుస్తకం మీద నాకు నిజంగా కోపం ఉంది. గొల్లభామ యుద్ధకళ అంటే అంతా ఒకటేనన్నట్టు రాశారు. ఉత్తరాదిది షాన్‌డాంగ్ శైలి. సప్తనక్షత్ర, మెయ్‌హువా, లియుహె వంటి శాఖలన్నీ దానివే. సప్తనక్షత్ర శాఖ గురువు లువో గ్వాంగ్‌యు 1919లో షాంఘైలోని జింగ్‌వు అనే యుద్ధకళల సంఘంలో నేర్పడానికి వెళ్ళాకే అది దక్షిణానికీ, హాంగ్‌కాంగ్‌కూ విస్తరించింది. దక్షిణ గొల్లభామ అనేది దక్షిణ చైనాలోని హక్కా ప్రజల కళ. చౌ గార్, చు గార్ అనేవి అందులోని శాఖలు. దగ్గర దూరంలో, ముంజేతులు ఆనించి చేసే పోరాటం అది. ఈ రెంటికీ పేరు తప్ప వేరే చుట్టరికం లేదు. పుస్తకంలో ఉత్తరాది కథ చెప్పి, పక్కన దక్షిణాది భంగిమ బొమ్మ వేశారు. కొక్కెం చెయ్యి బొమ్మ కూడా తప్పే. పురుగును అనుకరిస్తున్నట్టు రెండు చేతులూ మొహం ముందు వేలాడదీసి చూపించారు. అలా నిలబడితే పక్కటెముకలు పూర్తిగా తెరుచుకుంటాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ఆ బొమ్మ చూసి అలవాటు చేసుకుంటే వదిలించుకోవడానికి నెలలు పడుతుంది. ఆడది ప్రతిసారీ మగదాన్ని తినేస్తుందనీ రాశారు. అది జరుగుతుంది, ఆకలిగా ఉన్నప్పుడు మరీ ఎక్కువగా జరుగుతుంది. ప్రతిసారీ మాత్రం కాదు.

వీటిని సరిదిద్దుకోవచ్చు. 21వ పుట మాత్రం క్షమించరానిది. రెండు గొల్లభామలను ఒకే గూట్లో వదిలి "పోరాట పద్ధతులు గమనించండి" అని రాశారు. అక్కడ గమనించడానికి పోరాటమేమీ ఉండదు. ఒకటి ఇంకొకదాన్ని పట్టుకుని, బతికి ఉండగానే తినడం మొదలుపెడుతుంది. గొల్లభామ కళ్ళకు అది ఎర, అంతే. ఒక ప్రాణిని గురువుగా చూపించి, ఆ ప్రాణిని పందెపు కోడిలా వాడమనే పుస్తకం పిల్లల చేతికి వెళ్ళకూడదు. ఆ పుటను నేను చించేశాను. అమ్మినవారికి ఉత్తరం రాశాను, ఇప్పటికీ జవాబు లేదు.

అయినా ఈ పెట్టె కొనమనే చెబుతాను. ఈ కళను కనీసం ఏడాది రెండేళ్ళు సాధన చేసినవారైతే మరీ. ఏం చూడాలో ఒంటికి కాస్త తెలిసి ఉంటేనే పదకొండు నిమిషాల నిశ్శబ్దంలో ఏదైనా కనబడుతుంది. అసలు సాధన లేనివారు కూడా పురుగు కోసం కొనుక్కోవచ్చు, పుస్తకం తెరవకుండా. లెన్సు వద్దనుకుంటే గూడు ఒక్కటే విడిగా దొరుకుతుందేమో అడగండి. తెచ్చిన రోజే జిప్పు మూలను సూదీ దారంతో కుట్టేయండి.

తయారీదారులకు ఇంకొక్క విన్నపం. పైకప్పు వలను విడిగా తీయగలిగేలా చేయండి. మా గొల్లభామ రెక్కలు వచ్చాక అయిదు వారాలు బతికింది. చివరి వారంలో ఒక రాత్రంతా పైకప్పును పట్టుకుని, నురుగు కక్కినట్టు కక్కుతూ గుడ్ల సంచి కట్టింది. తెల్లవారేసరికి అది గట్టిపడి, గోధుమరంగు తిరిగి, వల కళ్ళలోకి ఇమిడిపోయింది. మగదానితో జత కట్టలేదు కాబట్టి అందులోంచి పిల్లలు రావని నాకు తెలుసు. గీకి తీస్తేగాని గూడు మడతపడదు. గీకడానికి నాకు చెయ్యి రావడం లేదు. గూడు అలాగే, జిప్పు తెరిచి, కిటికీ పక్కన నిలబడి ఉంది.